గృహవ్యవహారములు: ఉమ్మడి పొయ్యికి లెక్క యడుగుట



‘ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చింది’ అని మన పెద్దలు చెప్పు సామెత మీరందరును ఎరిగినదే. నలుగురికి చెందిన సొత్తును మిగిలినవారు చూచుకొందురులెమ్మని ఒక్కొక్కరును ఊరకుందురు. తుదకు చూచువారే లేకపోవుదురు. ఈ సామెతలోని సత్యము నాకు 2025వ సంవత్సరారంభమున లండను నగరమందు, మా అమ్మాయి కాపురమున్న యింట, ఒక కాగితము రూపమున కనబడినది. అది వేడి బిల్లు. కరెంటు బిల్లు, నీటి పన్ను, గ్యాసు బండ మనమెరుగుదుము గాని, వేడికి బిల్లు వచ్చుట మనలో పెక్కుమందికి వింతగా నుండును. అయినను నేడు మన ఆడపిల్లలు అనేకులు సీమలో కాపురములు చేయుచున్నారు. వారి పురుళ్లకును పుణ్యకార్యములకును తల్లులు, అత్తలు పోయి వచ్చుచున్నారు. కావున ఈ నెల ఆ సంగతినే ముచ్చటింపదలచితిని.

మా అమ్మాయికి పురుడు పోయుటకై నేను 2024 డిసెంబరులో అచ్చటికి పోయితిని. మనుమరాలు పుట్టినది. తల్లియు బిడ్డయు క్షేమముగా ఇల్లు చేరిరి. బాలింతకు రెండు పూటలును కాగిన నీళ్లు పోయుట మన యిండ్లలో తరతరముల ఆచారము. నేను కుళాయి విప్పగానే మా అమ్మాయి, “అమ్మా, ఒక్క బకెట్టు చాలును, మరల విప్పవద్దు” అనెడిది. గదిలోని వేడి గొట్టములను కట్టివేసి, బిడ్డకు మూడు శాలువలు చుట్టి పడుకొనబెట్టెడిది. కొత్త తల్లి భయము కాబోలునని నాలుగు దినములు ఊరకుంటిని. ఒకనాడు బిడ్డను చూడవచ్చిన నర్సమ్మ, శిశువు నిద్రించు గదిలో వేడిమి 16 మొదలు 20 డిగ్రీల వరకు ఉండవలెననియు, దుప్పట్లమీద దుప్పట్లు కప్పుట శిశువునకు అపాయకరమనియు గట్టిగా మందలించి పోయినది. అప్పుడు మా అమ్మాయి కన్నీరు పెట్టుకొని, సొరుగులోనుండి ఆ కాగితమును తీసి నా చేతికిచ్చినది. జనవరి నెలకు 149 పౌనుల 73 పెన్నీలు!

“వేరొక కంపెనీకి మారరాదా?” అని అల్లుని అడిగితిని. “వీలు లేదు, అత్తయ్యగారూ. ఈ భవనములో ఉన్నంతకాలము వీరికే చెల్లింపవలెను” అని అతడు నిట్టూర్చినాడు. నా కింకొక వింతయు తోచినది. ఇంటిలో మేము చలికి ముడుచుకొనుచుండగా, తలుపు తీసి నడవలో అడుగుపెట్టినచో ఉక్కపోయుచుండెను. గోడలు తాకిన వెచ్చగా నుండెను. ఈ వేడి యెవరిది? దీనికి సొమ్ము చెల్లించుచున్న దెవరు? ఆ ప్రశ్నలతోనే మా విచారణ మొదలైనది.

మొదట ఆ యేర్పాటెట్టిదో చెప్పెదను. ప్రతి యింటను వేరువేరుగా పొయ్యి పెట్టక, భవనమునకో పేటకో ఒక్క పెద్ద కొలిమిశాల కట్టి, అందు కాచిన నీటిని గొట్టములద్వారా ఇంటింటికి పంపుదురు. దీనినే డిస్ట్రిక్టు హీటింగు అనియు, హీట్ నెట్‌వర్కు అనియు పిలుతురు. ప్రతి యింటను ఒక అలమారలో ఇనుప పెట్టె యొకటి ఉండును. కొలిమిశాలనుండి వచ్చిన నీరు ఆ పెట్టెలోని పలకలగుండ పోవుచు, మన కుళాయి నీటికిని గది గొట్టములకును తన వేడిని మాత్రమిచ్చి, చల్లబడి వెనుకకు మరలిపోవును. ఎంత వేడి యిచ్చినదో అచ్చటి మీటరు యూనిట్లలో చూపును.

ఈ యుపాయము కొత్తది గాదు. అమెరికాలోని లాక్‌పోర్టు పట్టణమున బర్డ్సిల్ హాలీ అనునాతడు 1877లో ఆవిరిని గొట్టములద్వారా ఇండ్లకు పంపెను. లండనులోనే, థేమ్సు నదికి దక్షిణపు గట్టుననున్న బాటర్సీ విద్యుత్కేంద్రములో వృథాయగు వేడిని నది క్రిందుగా గొట్టములు వేసి ఉత్తరపు గట్టుననున్న పిమ్లికో పేట యిండ్లకు 1950 మొదలు అందించిరి. పారవేయవలసిన వేడి పేదల యిండ్లకు చేరుటకంటె కావలసినదేమి? కాబట్టి ఉమ్మడి పొయ్యి చెడ్డది కాదు. దానిని నడపువారు లెక్క చెప్పకపోవుటయు, వాడుకొనువారు లెక్క యడుగకపోవుటయు చెడ్డవి.

డెన్మార్కు దేశపు సంగతి చూడుడు. అచ్చట మూడింట రెండు వంతుల ఇండ్లకు ఈ ఉమ్మడి వేడియే ఆధారము. 1973లో చమురు కరవు వచ్చిన తరువాత, 1979లో వారు ప్రత్యేకముగ చట్టము చేసికొనిరి. వేడి నమ్మువారు అయిన ఖర్చులు రాబట్టుకొనవచ్చును గాని దానిపై లాభము గడింపరాదను సూత్రముపై అచ్చటి ధరలు నడచుచున్నవి. పెక్కు కేంద్రములు వాడుకొనువారి సహకార సంఘములవే, లేక పురపాలక సంఘములవే.

ఇంగ్లండులో చాలకాల మట్టి కట్టుబాటు లేకుండెను. గ్యాసు, విద్యుత్తు కొనువారికి 2019 మొదలు ధరకొక హద్దు ఏర్పడినది; కాని వేడి కొనువారి కది వర్తింపదు. ఏలయన, కొలిమిశాలవారు గ్యాసును వ్యాపారపు ఒప్పందముమీద కొని, దానిని వేడిగా మార్చి అమ్ముదురు. 2022లో యుక్రెయిను యుద్ధమువలన గ్యాసు ధర మండిపోయినప్పుడు, ఆ మంట నేరుగా ఈ కుటుంబములపై బడినది. ప్రభుత్వము తాత్కాలికముగ కొంత సహాయమిచ్చినది గాని, 2024 మార్చి చివర నదియు ముగిసినది.

ఇక మా బిల్లు సంగతి. నేను పెద్ద చదువులు చదివినదానను కాను. అయినను పాలవాని పద్దు, చాకలి పద్దు నలుబది యేండ్లుగా వ్రాసినదానను. పద్దు ఎంత పెద్దదైనను విడదీసి చూచినచో చిన్నదే యగునని నా అనుభవము. ఆ రాత్రి బిడ్డ నిద్రించిన పిమ్మట ముగ్గురమును కూర్చుండి బిల్లును విడదీసితిమి.

అందు మొదటిది స్టాండింగు ఛార్జి. వాడినను వాడకున్నను దినమునకొక పౌను. 31 దినములకు 31 పౌనులు. రెండవది వాడిన వేడి. 620 యూనిట్లు, యూనిట్టుకు 18 పెన్నీల వంతున 111 పౌనుల 60 పెన్నీలు. మూడవది నూటికి అయిదు వంతున పన్ను. 7 పౌనుల 13 పెన్నీలు. కూడిక సరిపోయినది. కాని 620 యూనిట్లు ఎచ్చటినుండి వచ్చినవి? కుళాయి విప్పుటకే భయపడిన యింటిలో అంత వేడి ఎవరు వాడిరి?

అల్లుడు దీపము పట్టుకొని అలమారలోని మీటరు చూచినాడు. క్రిందటి నెల చివర అంకె 8,320. బిల్లులో ఈ నెల చివరి అంకె 8,940 అని యున్నది. మీటరులో నాటి అంకె 8,610 మాత్రమే! బిల్లుపై ఆ అంకె ప్రక్కన సన్నని అక్షరములతో ‘అంచనా’ అని వ్రాసియుండెను. వారు మీటరు చూడనేలేదు. 330 యూనిట్లు గాలిలోనుండి పుట్టినవి. పన్నుతో గూడ 62 పౌనుల 37 పెన్నీలు అధికముగ వేసిరి. ఆ సన్నని అక్షరముల వలననే మా అమ్మాయి నెల దినములు చలిలో గడపినది.

మరునాడే మీటరు పటము తీసి, తేదీ వేసి, ఫిర్యాదు అని స్పష్టముగ పైన వ్రాసి పంపించితిమి. ఈ మాట ముఖ్యము. టెలిఫోనులో గోడు వెళ్లబోసికొనినచో అది గాలికి పోవును. ‘ఇది ఫిర్యాదు’ అని వ్రాసి, దాని సంఖ్య అడిగి పుచ్చుకొనవలెను. మీటర్లున్న చోట వాస్తవముగ వాడినదానిని బట్టియే బిల్లు వేయవలెనని ఆ దేశమున 2014లో చేసిన నిబంధనలు చెప్పుచున్నవి. ఆ మాటయు అందు చేర్చితిమి. మూడు వారములకు సవరించిన బిల్లు వచ్చినది: 87 పౌనుల 36 పెన్నీలు.

అంతటితో నేను తృప్తి పడలేదు. 290 యూనిట్లు మాత్రము మేమెట్లు వాడితిమి? పాలలో నీళ్లు కలిసినవేమో యని చూచుట మన కలవాటే గదా! ఒక రాత్రి పది గంటలకు గది గొట్టములన్నియు కట్టి, కుళాయిలు మూసి, మీటరు అంకె వ్రాసికొంటిమి. తెల్లవారి ఆరు గంటలకు చూడగా 2 యూనిట్లు పెరిగియున్నది! అనగా ఎవరును వాడకయే దినమునకు సుమారు 6 యూనిట్లు పోవుచున్నవి. నెలకు 33 పౌనులకు పైమాట. మరమ్మతు చేయువాడు వచ్చి, పెట్టెలోని ఒక కవాటము పూర్తిగా మూసికొనుట లేదని కనిపెట్టి మార్చినాడు. మరల రాత్రి పరీక్ష చేసితిమి, అంకె కదలలేదు. కొన్ని పెట్టెలు వేడినీరు త్వరగా వచ్చుటకై తమంతట తాము కొంచెము వెచ్చగా నుండునట్లు అమర్చియుండును. అందువలన రవంత పెరిగినచో కంగారుపడనక్కర లేదు. కాని ఒక్క రాత్రి పరీక్షకు ఖర్చేమియు లేదు గనుక, ఇట్టి యిండ్లలోనున్న ప్రతి సోదరియు దానిని చేయవలెను.

ఇంతవరకు మా యింటి సంగతి. ఇక నడవలోని ఉక్క సంగతి. అది అందరి సొమ్ము. ఉదాహరణకు, కొలిమిలో 100 యూనిట్ల గ్యాసు కాల్చినచో 85 యూనిట్ల వేడి వచ్చెననుకొందము. అందు నూటికి 40 వంతులు గొట్టముల దారిలోనే పోయినచో, ఇండ్లకు చేరునది 51 మాత్రమే. గ్యాసు యూనిట్టు 7 పెన్నీలయినచో, మనకు చేరిన వేడి యూనిట్టుకు గ్యాసు ఖర్చే 14 పెన్నీలకు దగ్గరగా నగును. ఆ దారి నష్టమును 20 వంతులకు తగ్గించినచో అదే ఖర్చు 10 పెన్నీలకు కొంచెము పైగా నుండును. గొట్టముల మలుపులకు, కవాటములకు కప్పు తొడుగక వదలివేయుట ఇట్టి నష్టమునకు తరచైన కారణము. అనగా గిన్నెపై మూత పెట్టక వంట చేయుచు, కట్టెల ఖర్చు అతిథులపై వేయుట వంటిది.

కాని నడవ గొట్టములకు కప్పు తొడుగుడని ఒక్క యిల్లు అడిగినచో వినువారెవరు? మా అంతస్తులో ఒక బెంగాలీ యావిడ, పోలెండునుండి వచ్చిన ఇద్దరు బిడ్డల తల్లి, ఒంటరిగా నుండు ఆంగ్లేయ వృద్ధురాలు ఉండిరి. నేను పులిహోర చేసి, మనుమరాలిని చూడ రమ్మని వారిని పిలిపించితిని. మాటలలో బిల్లుల సంగతి వచ్చినది. ఒక్కొక్కరి బిల్లు ఒక్కొక్క దారి. అందరిదియు ఒక్కటే భయము. వృద్ధురాలు వంటయింటిలో తప్ప తక్కిన గదులలో వేడి పెట్టుట మానుకొని రెండేండ్లయినదట. ఆమె వాడుక స్వల్పము. అయినను స్టాండింగు ఛార్జి అందరితో సమానము. అందుచేత ఆమె బిల్లులో సగముకంటె ఎక్కువ ఆ ఛార్జియే! ‘నాకే ఇట్లు వచ్చుచున్నదేమో, అడిగిన నలుగురిలో చులకన యగుదునేమో’ యని ఇంతకాలము పెదవి విప్పలేదట. సోదరీమణులారా, ఈ సిగ్గే కదా మన యిండ్లలోను ఎన్నో అన్యాయములకు కాపలా కాయునది!

ఆ సాయంకాలముననే నలుగురును కలసి, కంపెనీ వారిని అడుగవలసిన ప్రశ్నలు వ్రాసిరి. ఏడాదిలో ఎంత గ్యాసు కొంటిరి? ఏ ధరకు కొంటిరి? కొలిమినుండి ఎంత వేడి బయలుదేరినది? అన్ని యిండ్ల మీటర్లలో కలిపి ఎంత చేరినది? స్టాండింగు ఛార్జిలో మరమ్మతున కెంత, బిల్లులు వ్రాయుట కెంత, పెట్టెలు మార్చుటకై దాచున దెంత? ఈ అయిదింటికి జవాబు వచ్చినచో దొంగ ఎచ్చట దాగినదియు తెలియును. రెండు వారములలో ఆ కాగితముపై ముప్పదియిద్దరు సంతకము చేసిరి.

ఇట్టి చోట్ల నున్నవారికి ఉపయోగపడునట్లు, ఇంగ్లండులో అడుగవలసిన తావులను వరుసగా చెప్పెదను.

మొదట కంపెనీకే వ్రాతపూర్వకముగ ఫిర్యాదు చేయవలెను. ఎనిమిది వారములు గడచినను పరిష్కారము కానిచో, లేక తమ తుది మాట ఇదేయని వారు ముందే వ్రాసి యిచ్చినచో, ఎనర్జీ ఆంబుడ్స్‌మన్ అను తగవరి కడకు పోవచ్చును. 2025 ఏప్రిల్ 1 మొదలు ఉమ్మడి వేడి వాడువారి ఫిర్యాదులను గూడ వారు విచారించుచున్నారు. రుసుము లేదు. ఎట్లు వ్రాయవలెనో తెలియనివారికి సిటిజన్స్ అడ్వైస్ అను సంస్థ ఉచితముగ సలహా యిచ్చును.

ఇల్లు దీర్ఘకాలపు లీజుపై కొనినవారై, వేడి ఖర్చు భవన నిర్వహణ ఖర్చులలో కలిపి వసూలు చేయుచున్నచో, 1985 నాటి భూస్వామి, కౌలుదారుల చట్టము వారికి అండ. ఖర్చు సహేతుకమైనంతవరకే వసూలు చేయవలెనని ఆ చట్టము చెప్పును. వ్యయముల సంగ్రహము అడిగి తెప్పించుకొని, అది అందిన ఆరు నెలలలోగా అసలు రశీదులు చూడగోరు హక్కు కలదు. అయినను తీరనిచో ట్రిబ్యునలు కడకు పోవచ్చును. వేడి కంపెనీతో వేరుగ ఒప్పందమున్నవారికి ఈ దారి సాధారణముగ దొరకదు. కాబట్టి తమ కాగితములలో ఏమున్నదో ముందు చదువుకొనవలెను.

ఆ దేశపు పోటీ వ్యవహారముల అధికారులు 2018లోనే విచారణ జరిపి, ఈ వ్యాపారమున కొక పర్యవేక్షకుడు ఉండవలెనని సిఫారసు చేసిరి. 2023లో చట్టమైనది. 2026 జనవరి 27 మొదలు గ్యాసు, విద్యుత్తులను పర్యవేక్షించు ఆఫ్‌జెమ్ సంస్థయే వేడి కంపెనీలను గూడ పర్యవేక్షించుచున్నది. ధర మితిమీరినట్లు తోచినచో విచారించు అధికారము దానికి కలదు. గ్యాసు, విద్యుత్తులకున్నట్టి ధర హద్దు మాత్రము వేడికి ఇంకను ఏర్పడలేదు. ఎనిమిదేండ్లు పట్టినదని నొచ్చుకొనవచ్చును. కాని ఫిర్యాదులు వ్రాసినవారు లేనిచో ఇదియు జరిగియుండదు.

చేయరాని పనులు రెండు కలవు. కోపముతో బిల్లు కట్టుట మానరాదు. బాకీ పేరుకొనినచో సరఫరా నిలిపివేయుట, లీజు చిక్కులు మున్నగునవి రావచ్చును. అప్పుడు న్యాయము మనదైనను నింద మనపై బడును. వివాదము లేని భాగమును కట్టుచు, వివాదమున్న భాగమునకు కారణము వ్రాయవలెను. కట్టలేని స్థితి యున్నచో దాచక చెప్పి వాయిదాలు కోరవలెను. రెండవది, పొదుపు పేర పసిబిడ్డలను, వృద్ధులను చలిలో నుంచరాదు. మా అమ్మాయి ఒకప్పుడు కరెంటు హీటరు కొందమనెను. లెక్క చూడగా ఆమెకు విద్యుత్తు యూనిట్టు ధర వేడి యూనిట్టు ధరకంటె ఎక్కువగా నుండెను. లెక్క చూడని పొదుపు ఒక్కొక్కప్పుడు దుబారాకంటె నష్టము చేయును.

ఫలమేమయినదందురా? అంతయు తీరినదని చెప్పజాలను. స్టాండింగు ఛార్జి నేను వచ్చునాటికి తగ్గలేదు. అడిగిన అయిదు ప్రశ్నలలో మూడింటికి జవాబు వచ్చినది; రెండింటికై మరల వ్రాసిరి. మా అంతస్తులోను, పై అంతస్తులోను నడవ గొట్టముల మలుపులకు కప్పు తొడిగిరి. ఉక్క కొంత తగ్గినదని అమ్మాయి వ్రాసినది. పోలెండు తల్లియింటను రాత్రి పరీక్షలో దోషము బయటపడినది. వృద్ధురాలి బిల్లును నెలనెలా మా అల్లుడు చదివి పెట్టుచున్నాడు. ఆమె ఇప్పుడు పడకగదిలో గూడ వేడి పెట్టుకొనుచున్నది.

మన హైదరాబాదు, విజయవాడలలోను ఇప్పుడు అపార్టుమెంటు కాపురములే ఎక్కువ. లిఫ్టు, జనరేటరు, నీళ్ల ట్యాంకరు, కాపలావాడు, ఇవన్నియు ఉమ్మడి పొయ్యిలే. నెలనెలా మెయింటెనెన్సు కట్టుచున్న మనలో ఎందరము ఆ పద్దు చూచితిమి? సంఘపు సభకు మగవారిని పంపి మనము టీ కాచి యిచ్చుటతో సరిపుచ్చుకొనరాదు. ట్యాంకర్లు ఎన్ని వచ్చినవో మగవారికంటె మనకే బాగుగ తెలియును.

సవరించిన బిల్లు వచ్చిననాడు మా అమ్మాయి దానిని రెండుమారులు చదివి, మడిచి సొరుగులో పెట్టి, తానే పోయి కుళాయి విప్పినది. నేను బిడ్డను కాళ్లపై పరుండబెట్టుకొని, నలుగుపెట్టి, కావలసినన్ని నీళ్లు పోసితిని. నీళ్లు చల్లబడకముందే ఇంకొక చెంబు అందించినది మా అమ్మాయి.